నేల కడిగే నీళ్లు, నా కాలు

ఈ సంగతి ఇంతకు ముందే రాయాల్సింది. అప్పటికి నాకు అక్షరాలు రావు. ఇంకొకరి చేత రాయిద్దామంటే, నా కాలి చీము గురించి ఎవరిని కూర్చోబెట్టి చెప్పను? యాభై రెండేళ్ల వయసులో, మంచాన పడ్డ నెలల్లో నేర్చుకున్నాను.

జిద్దాలో ఒక ఆసుపత్రిలో క్లీనర్ని. ఒకరోజు డ్యూటీ దిగి బూటు విప్పితే మేజోడు తడిగా ఉంది. నొప్పి లేదు. కుడికాలి చిటికెన వేలి కింద చర్మం చితికి కుళ్లు వాసన వేస్తోంది. షుగరుందని తెలుసు. సూపర్‌వైజరుకు చెబితే అన్‌ఫిట్ అని రాసి ఎగ్జిట్ కొట్టించి ఇండియాకు పంపేస్తాడని దాచాను.

వార్డులో నెత్తురు, వాంతుల వాసన ఏ మందుతో పోతుందో నాకు బాగా తెలుసు. పదేళ్లుగా నేలకు వాడిన ఆ మందే బకెట్లో కలిపి రోజూ కాలు ముంచాను. వాసన పోయింది. వారం తిరక్కుండా అంతకు రెట్టింపై వచ్చింది, జ్వరంతో సహా.

మా అన్న కూతురు దీవెన జిద్దాలోనే కాపురముంటోంది. తెనాలి కోర్టులో నాలుగేళ్లు లాయరుగా చేసి, అది వదిలేసి నర్సవుతానని కూర్చుంది. సైన్సు చదవలేదు కనుక నర్సింగులో చేరేముందు అనాటమీ, కెమిస్ట్రీ, మైక్రోబయాలజీ పాసవ్వాలట. ఆమే నన్ను ఎమర్జెన్సీకి తీసుకెళ్లింది.

"కాలికి ఏమైనా పెట్టారా?" అని డాక్టరు హిందీలో అడిగాడు. లేదన్నాను.

దీవెన నా మొహం చూసి, సాక్షిని అడిగినట్టు మొదలుపెట్టింది.

"కాలు దేంతో కడిగావత్తా?"

"నీళ్లతో."

"ఏ బకెట్లో?"

"డ్యూటీ బకెట్లో."

"అందులో ఏం కలిపావు?"

నేను తలుపు వైపు చూశాను.

"నీ సూపర్‌వైజరు ఇక్కడ లేడు. చెప్పు."

చెప్పాను. డాక్టరు తల పట్టుకున్నాడు. "డయాబెటిక్ అల్సర్ మీద కెమికల్ బర్న్. కుళ్లు ఎముకలోకి దిగితే పాదం తీసేయాలి" అని, దీవెన వైపు తిరిగి "మీరు నర్సా?" అన్నాడు.

"లాయర్ని. మైక్రోబయాలజీ ఒకసారి తప్పాను."

కుళ్లిన కండ కోసి తీసేయడం, డిబ్రైడ్‌మెంట్ అంటారట, రెండుసార్లు చేశారు. చిటికెన వేలు పోయింది. పాదం సంగతి ఇంకా చెప్పలేమన్నారు. దీవెన నన్ను తన ఇంటికి తెచ్చుకుంది. డ్రెస్సింగ్ ఎలా మార్చాలో క్లినిక్ నర్సు దగ్గర నేర్చుకుంది. మొదటిరోజు ఇంట్లో కట్టు విప్పగానే బాత్రూంలోకి పరుగెత్తి కక్కుకుంది.

"నాకు కోర్టే నయమత్తా," అంది తిరిగొచ్చి.

నాకు ఒళ్లు మండింది. "ఇది చూడలేనిదానివి ఏం నర్సువే? ముక్కు కింద తలనొప్పి బామ్ రాసుకుని మాస్కు కట్టుకో. మేమందరం అలాగే చేస్తాం."

రాసుకుంది. మర్నాడు కక్కలేదు. కట్టు కడుతూ కండరాల పేర్లు వల్లించేది, అవయ్యాక నాకు అ ఆలు దిద్దించేది. కానీ ఆ నెలలన్నీ నేను ఒక్కసారి కూడా నా కాలు చూడలేదు. ఊరందరి మలమూత్రాలు ఎత్తిన దాన్ని, నా ఒంటినుంచి వచ్చే ఆ పచ్చటి రసి తలుచుకుంటేనే అన్నం సహించేది కాదు. దాచిన నా బుద్ధి మీద అంతకంటే రోత.

ఇప్పుడు లాండ్రీలో కూర్చుని దుప్పట్లు మడతపెట్టే పని ఇచ్చారు. దీవెన నర్సింగు మొదటి ఏడాదిలో ఉంది. షుగరున్న వాళ్లకు ఒక్కటే చెబుతాను. రోజూ అరికాలు చూసుకోండి. కనబడకపోతే కింద అద్దం పెట్టుకోండి. నొప్పి లేదని నమ్మకండి.

నేనూ అలవాటు చేసుకున్నది ఆలస్యంగానే. "గాయం మూసుకుంది, పాదం దక్కింది. ఇక రోజూ మీరే చూసుకోవాలి," అని డాక్టరు చెప్పిన మర్నాడు పొద్దున్నే దీవెన మైక్రోబయాలజీ పరీక్షకు వెళ్లిపోయింది. చూసిపెట్టే వాళ్లు లేరు. ముక్కు కింద బామ్ రాసుకుని, నేల మీద అద్దం పెట్టి, దాని మీదకి కాలు చాపాను. ముడతలుపడ్డ నల్లటి మచ్చ, వేలు లేని సందు. రోత పుట్టింది. కళ్లు తిప్పుకోలేదు. మిగిలిన వేళ్ల మధ్య తడి తుడిచి, దిద్దే పుస్తకంలో తేదీ వేసి రాశాను: ఎరుపు లేదు. చీము లేదు.