ఒక్క హారన్‌తో పోయిన పోలండ్ ఉద్యోగం

కొత్తగా హెవీ లైసెన్స్ వచ్చింది కదా అని, పోలండ్‌లో లారీ నడిపే ఉద్యోగానికి ఇవాళ విజయవాడలో డ్రైవింగ్ టెస్ట్‌కి వెళ్లాను. రివర్స్ బాగానే తీశాను. మలుపు రాగానే మాత్రం చెయ్యి దానంతటదే హారన్ మీదికి పోయింది. కంకిపాడు రోడ్డు మీద నేర్చుకున్న చెయ్యి మరి!

టెస్ట్ పెట్టే ఆయన బండి ఆపించేశారు.

"ఎవరున్నారని కొట్టావయ్యా?"

"మలుపులో గేదెలుంటాయేమోనని అండీ..."

"పోలండ్ రోడ్ల మీద గేదెలుండవు బాబూ. ఊరికే హారన్ కొడితే తిట్టినట్టు లెక్క. ఆర్నెల్లాగి రా."

ఒళ్లు మండిపోతుంటే బయటికొచ్చి గేటు దగ్గర ఆటో కోసం నిలబడ్డాను. వెనకాల ఒకటే హారన్ మోత. తిరిగి చూస్తే కారులో ఆయనే! నేను పక్కకి జరిగేదాకా ఆపలేదు.

ఆయన లెక్క ప్రకారం నన్నెన్ని తిట్లు తిట్టినట్టో మీరే చెప్పండి.