ఆయన్ని కలిపి తూచిన కారు

మేస్త్రి పోయారన్న కబురు ఆయన ఫోన్ నుంచే వచ్చింది. రెండో పీరియడ్ నడుస్తోంది, బోర్డు మీద లెక్క సగంలో ఉంది. తెర మీద ‘మేస్త్రి’ అని కనబడితే వరండాలోకి వచ్చి, “మేస్త్రీ, క్లాసులో ఉన్నాను, వెనక చక్రం సంగతి సాయంత్రం వచ్చి చూస్తాను” అనేశాను. అవతల ఆయన లేరు. ఆయన భార్య గొంతు వినిపించింది.

“నాను మేడం. పొద్దున్న నమాజు సదువుకొని అలాగే ఒరిగిపోనాడు. మరి లెగలేదు.”

నేను క్లాసులోకి వెళ్ళి ఆ లెక్క పూర్తి చేశాను. ఎందుకు చేశానంటే చెప్పలేను. చేసి, చేతులు కడుక్కొని, విశాఖ పాతబస్తీలో వాళ్ళింటికి బస్సెక్కాను.

ఆయన ఎవరో మీకు చెప్పాలంటే ముందు నా సంగతి చెప్పాలి. నేను గాజువాకలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతాను. నలభై ఆరేళ్ళు. నాకొక కారుంది, అది రోడ్డెక్కదు. రేసు ట్రాక్ మీద తప్ప ఇంకెక్కడా తిరగని కారు. దానికి నంబరు ప్లేటు లేదు, హారన్ లేదు, వెనక సీట్లు లేవు, ఏసీ లేదు. డ్రైవరు సీటు చుట్టూ లావుపాటి ఇనుప గొట్టాల చట్రం ఉంటుంది. బండి పల్టీ కొట్టినా మనిషి నలగకుండా కాపాడేది అదే. మేస్త్రి దాన్ని పంజరం అనేవారు. ఆ ట్రాక్ చెన్నై దగ్గర ఉంది. కారును లారీ మీద ఎక్కించి తీసుకెళ్ళాలి. ఏడాదికి ఒకటి రెండు పూటలు తిప్పుకోవడానికి ఇంత అవసరమా అని మీరు అడగబోతున్నారు. అడగండి. మా అన్నయ్య మూడేళ్ళుగా అడుగుతూనే ఉన్నాడు.

పదకొండేళ్ళు కాలేజీకి తిప్పిన చిన్న కారది. కొత్తది కొన్నాక దీన్ని పాత ఇనుముకి వేసేద్దామనే అనుకున్నాం. ఆలోపు ఓసారి చెన్నై వెళ్ళినప్పుడు స్నేహితురాలి తమ్ముడు తన కారులో నన్ను ఆ ట్రాక్ చుట్టూ రెండు రౌండ్లు తిప్పాడు. దిగమంటే ఇంకో రౌండు తిప్పమని అడిగాను. ఇన్నాళ్ళూ నేను నడిపిందాన్ని నడపడమంటారా అనిపించింది. వచ్చిన వారమే ఆటోనగర్‌లో మెకానిక్కుల చుట్టూ తిరిగాను. ఒకాయన నవ్వాడు. ఇంకొకాయన “సార్‌ని పంపండి మేడం, మాట్లాడతాను” అన్నాడు. సార్ అంటూ ఎవరూ లేరని చెప్తే ఆయనా నవ్వాడు.

మేస్త్రి నవ్వలేదు. వయసులో ఉన్నప్పుడు ఫిషింగ్ హార్బర్‌లో బోట్ల ఇంజిన్లు బాగుచేసినాయన, తరవాత ఆటోనగర్‌లో షెడ్డు పెట్టుకున్నారు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, తలుపు తెరిచి, లోపలి నేలను వేలి మెటికతో కొట్టి చూశారు.

“ఇందల ఎంతమంది కూకుంతారు?”

“నేనొక్కదాన్నే.”

“అయితే మిగతా సీట్లెందుకు? ఇప్పేద్దాం. రేపొద్దున్న రండి.”

అంతే. ఎందుకని అడగలేదు. మా మధ్య ఆ ప్రశ్న ఎప్పుడూ రాలేదు. ఈ వయసులో ఇదేం పని, ఆడమనిషికిదేం పని అనేవి ఊరంతా అడుగుతూనే ఉంది కాబట్టి ఆయనకు తీరిక లేకపోయిందేమో.

ఆయనకు కొన్ని పట్టింపులుండేవి. టీ సాసర్లోనే తాగేవారు. నమాజు వేళకు పానా ఎక్కడుంటే అక్కడే పెట్టి లేచేవారు, వచ్చి సరిగ్గా ఆ నట్టు దగ్గరే మొదలుపెట్టేవారు. నట్టు బిగించాక దాని మీంచి కింది ఇనుము మీదికి పసుపు రంగుతో సన్నటి గీత గీసేవారు. నట్టు కొంచెం వదులైనా గీత విరిగి కనబడుతుంది. కారు నేలకు అతికించి ఉన్న తారు పొరను ఉలితో గోకుతుంటే, గోకిన జానెడు చోటుకు ఆ పూటే రెడ్ ఆక్సైడ్ పూయాలి. రేపు పూద్దామంటే ఒప్పుకునేవారు కాదు. “మనూరి గాలి ఇనుం తింటాది బేటీ. ఒక్క రోజు ఒగ్గేసినా సాలు” అనేవారు. అప్పటికి నేను మేడం నుంచి బేటీ అయ్యాను.

నేను ఏసీని తీసేయడానికి తటపటాయిస్తుంటే ఒకసారి అన్నారు. “ఇప్పడానికి పానా సాలు. ఒగ్గెయ్యడానికి గుండె కావాల.” ఆ మధ్యాహ్నమే ఏసీ తీయించేశాను. మే నెలలో ట్రాక్ మీద చెమటలు కారుతుంటే మేస్త్రిని తిట్టుకున్నాను, అది వేరే సంగతి.

ఇక కాటా సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే ఆయన గురించి ఏమీ చెప్పనట్టే.

ట్రాక్ కారు తయారీ అంటే చాలావరకు బరువు తగ్గించడమే. మా షెడ్డుకు మూడు షెడ్ల అవతల పాత ఇనుము లారీలు తూచే కాటా ఉంది. ఇరవై ఇరవై కేజీల చొప్పున తప్ప లెక్క చెప్పదు. అదే మాకు గతి. పని మొదలుపెట్టేముందు నేను కారును దాని మీదికి నడిపి, దిగి, చీటీ తీసుకున్నాను. ఎనిమిది వందల అరవై. తరవాత విప్పిన ప్రతి సామానూ ఇంటి తూకం మెషిన్ మీద పెట్టి నోటుబుక్కులో రాశాను. నూట నలభై కేజీలు తీసేశాక మళ్ళీ కాటాకు తీసుకెళ్ళాం. వైరింగంతా విప్పి ఉంది కాబట్టి కారు స్టార్టవదు. మేస్త్రి స్టీరింగ్ దగ్గర కూర్చుంటే నేనూ, పక్క షెడ్డు వెల్డరూ తోశాం. ఏడు వందల ఇరవై రావాలి. ఏడు వందల ఎనభై వచ్చింది.

అరవై కేజీలు ఎక్కడ దాక్కున్నాయి? మూడు ఆదివారాలు వెతికాం. తలుపుల్లో ఇనుప పట్టీలు కోసేశాం. డాష్‌బోర్డు వెనక చెయ్యి పెట్టి తడిమాం. నేను పట్టికలు వేశాను, కూడికలు నాలుగుసార్లు చేశాను. ఎంత కోసినా, నా లెక్కకూ కాటా లెక్కకూ మధ్య ఆ అరవై తేడా మాత్రం అలాగే ఉండేది. మూడో ఆదివారం మేస్త్రికి కోపమొచ్చింది. కాటా గది కిటికీ దగ్గరికి కారులోంచే తల పెట్టి, “మీ కాటా దొంగకాటా” అన్నారు.

కాటా అతను చాలా శాంతంగా అన్నాడు. “సాయిబు గారూ, మీరు దిగితే సరిపోద్ది కదా.”

మేస్త్రి మోకాలు బాగోదు. ఎక్కితే దిగడం కష్టం. అందుకని ప్రతిసారీ కారులోనే కూర్చుండిపోయారు. ఆ సంగతి మా ఇద్దరికీ తట్టలేదు, లెక్కలు చెప్పే నాకు అసలే తట్టలేదు. మరి నువ్వు ముందే ఎందుకు చెప్పలేదయ్యా అని నేను కాటా అతని మీద ఎగిరాను. అతను తల గోక్కున్నాడు. “లారీవోళ్ళు తూకం దగ్గర ఒకసారి దిగుతారు, ఒకసారి దిగరు. అది ఆల్ల యాపారం. మేం అడగం మేడం. మీకూ ఏదో లెక్క ఉంటాదనుకున్నాను.”

మేస్త్రి స్టీరింగ్ మీద తల పెట్టి నవ్వారు. కళ్ళు తుడుచుకొని, “ఇకమీద నన్ను కలిపే తూసెయ్. ఒట్టి బండి పరిగెడతాదేటి? మనిసుండాల కదా” అన్నారు. ఆ తరవాత చీటీలన్నీ ఆయన్ని కలిపినవే. షెడ్డు గోడకు మేకుకు గుచ్చి ఉన్నాయి. అనవసరంగా కోసిన తలుపు పట్టీలు మాత్రం మళ్ళీ అతికించాల్సి వచ్చింది.

ఆయన ఉండగా ఒక్కసారే ట్రాక్‌కు వెళ్ళాం. ఎలమంచిలి దాటకముందే లారీ ఆపించి కట్లు చూశారు. ఆ తరవాత ఎన్నిసార్లు ఆపించారో లెక్కపెట్టలేదు. ట్రాక్ దగ్గర కార్లు తనిఖీ చేసే అతను మా పంజరాన్ని పట్టుకొని ఊపి చూశాడు, అతుకులు తడిమాడు. “ఏ కంపెనీది?” అన్నాడు. మేస్త్రి చేతులు కట్టుకొని “గాజువాక” అన్నారు.

ఆ రోజు నేను అందరికన్నా వెనకే ఉన్నాను. మధ్యాహ్నం ఒక మలుపులో కారు గిర్రున తిరిగి టైర్ల గోడకు కొట్టుకుంది. నేను దులుపుకొని బయటికొచ్చాను. మేస్త్రి కుంటుతూ వచ్చి ముందు నన్ను చూశారు, తరవాత వంగి ఒక్కొక్క పసుపు గీతా చూశారు. ఒక్కటీ విరగలేదు. “బండి తిరిగొచ్చింది, మనిసి తిరిగొచ్చింది. ఇంకేటి కావాల?” అన్నారు. ఆఖరి స్థానానికి నాకు ఇంతకన్నా మంచి ప్రైజు ఎవరూ ఇవ్వలేరు.

పోయినేడు ఆయనకు గుండెకు స్టెంట్ వేశారు. పని మానేయమన్నారు డాక్టర్లు. నేనూ మానేయమన్నాను. షెడ్డు తాళం నా దగ్గరే ఉంచుకున్నాను కూడా. మూడో రోజున బస్సు దిగి మా కాలేజీ గేటు దగ్గరికే వచ్చి నిలబడ్డారు. “తాళం ఇస్తావా, నీ పిల్లల ముందర అడగమంతావా?” అన్నారు. ఇచ్చేశాను. ఆ తరవాత స్టూలు మీద కూర్చొని పని చెప్పేవారు, బరువులు ఎత్తేది వెల్డరు. నట్లు బిగించడం, గీతలు గీయడం మాత్రం ఎవరికీ వదల్లేదు.

ఆయన పోయిన రోజు ఆ ఇంట్లో ఆడవాళ్ళ మధ్య కూర్చున్నాను. వెనకనుంచి ఎవరో మెల్లగా అంటున్నారు. “ఆ మేడం కారే తినీసింది ఈన్ని. గుండె బాగోకపోయినా ఎండలో దాని కిందే పడుండేవోడు.” నేను తల ఎత్తలేకపోయాను. తాళం ఇచ్చింది నేనే కదా.

బదులు ఆయన భార్య చెప్పారు. ఏడుపు ఆపి, ఆ వైపు తిరిగి అన్నారు. “ఇంటికాడ మంచం మీద పడుకోబెట్టి సూడండి, ఆరు నెలలు ఉండేవోడు కాడు. పొద్దున్నే లేసి సొక్కా ఏసుకుంతన్నాడంటే ఆ కారుకోసమే ఏసుకుంతన్నాడు. ఆ పిల్లనేటీ అనకండి.” తరవాత నా చెయ్యి పట్టుకొని, “ఇంకా ఏటి పని మిగిలింది?” అని అడిగారు.

“వెనక ఎడమ చక్రం ఒక్కటే” అన్నాను.

నలభయ్యో రోజు దాకా షెడ్డు తియ్యలేదు. ఈలోగా అన్నయ్య ఇద్దరిని తెచ్చాడు, పాత ఇనుముకి కొనేవాళ్ళు. “మేస్త్రీ లేడు, ఇంకెవరు చూస్తారు దాన్ని? ఇకనైనా మానెయ్” అన్నాడు. మంచికే చెప్తున్నాడని నాకు తెలుసు. అందుకే టీ ఇచ్చి పంపించాను. ఇక్కడ మాత్రం అచ్చులో పెడుతున్నాను, అన్నయ్య కూడా చదువుతాడు కాబట్టి: ఆ కారును అమ్మను. కోయను. ఈసారి ట్రాక్ రోజుకు పేరు ఇచ్చేశాను.

నిన్న ఆదివారం షెడ్డు తీశాను. మూడు చక్రాల నట్ల మీద పసుపు గీతలున్నాయి. నాలుగోదాని మీద లేవు. రంగు డబ్బా మూత ఆయన గట్టిగా బిగించి పెట్టారు, లోపల రంగు ఇంకా పచ్చిగానే ఉంది. నట్లు బిగించి గీతలు గీశాను. నా గీతలు వంకరగా వచ్చాయి. చూసి ఉంటే తుడిపించేవారు.

కారు ఇప్పుడు స్టార్టవుతుంది, అయినా నడపబుద్ధి కాలేదు. వెల్డరు స్టీరింగ్ పట్టుకొని బయటినుంచే తోశాడు, నేను వెనక తోశాను. కాటా అతను మమ్మల్ని చూసి కిటికీ దగ్గర లేచి నిలబడ్డాడు. చీటీ వచ్చింది. ఏడు వందల అరవై. పంజరం బిగించాక ఆయన్ని కలిపి తూచిన ఆఖరి చీటీ గోడ మీద ఉంది, అందులో ఎనిమిది వందల ఇరవై. ఈసారి ఆ అరవై ఎక్కడికి పోయిందో వెతకాల్సిన పని లేదు. అయినా కాసేపు ఆ చీటీ పట్టుకొని ఏడ్చాను, ఎవరు చూస్తే నాకేం.

తరవాత హెల్మెట్ పెట్టుకొని, పంజరం గొట్టాల మీంచి కాళ్ళు లోపలికి వేసి, ఆయన కూర్చునే సీట్లో కూర్చొని బెల్టులు బిగించుకున్నాను. ఇంకోసారి తూచమని చెయ్యి ఊపాను.

కాటా అతను కిటికీలోంచి తల బయట పెట్టాడు. ఈసారి మొహమాటపడలేదు.

“దిగరా మేడం?”

“లేదు. నన్ను కలిపే తూసెయ్.”

కిటికీ పైన ఎర్ర అంకెలు కాసేపు అటూ ఇటూ ఊగి, నిలబడ్డాయి.