గోలు ముందు సుభాని కూతురు

ఇప్పుడు ఏలూరులో ఏ ఆడపిల్ల గోల్‌కీపర్ గ్లవ్స్ తొడిగినా పక్కన నిలబడి నేర్పేది జహీరానే. ఎనిమిదేళ్లు రాష్ట్ర జట్టుకి గోలు కాసిన మనిషి. ఈ చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆ పని చేసిన మొదటి ఆడపిల్ల. ఎవరు నేర్పారండీ అని పేపరువాళ్లు అడిగితే మాస్టారి పేరు చెప్పి ఊరుకోదు, పుచ్చకాయల సంగతి కూడా చెబుతుంది. వాళ్లు నవ్వేసి రాసుకోరు. వాళ్ల ఖర్మ, మనం చెప్పుకుందాం.

తాడేపల్లిగూడెం మార్కెట్లో ఆమె నాన్న సుభాని జట్టు కూలీ. వేసవిలో పుచ్చకాయల లోడు దిగేటప్పుడు ఒకడు లారీ మీంచి కాయ విసురుతాడు, కిందవాడు పట్టి పక్కవాడికి అందిస్తాడు. సుభాని కింద నిలబడే మనిషి. అన్నం క్యారేజీ తెచ్చిన కూతురు చూస్తూ ఊరుకుంటుందా? తొమ్మిదేళ్లకే నాన్న పక్కన చేరి చేతులు చాచింది.

"చేతుల్తో ఆపకమ్మా, జారిపోద్ది. పొట్టలోకి తీసుకో. తీసుకుంటా ఒకడుగు వెనక్కెయ్యి, విసురు చచ్చిపోద్ది" అని నేర్పాడాయన. కాయ పగిలితే షావుకారు నోటికి హద్దుండదు. అందుకని ఆ పిల్ల ఏనాడూ చేతికొచ్చిన కాయ వదల్లేదు.

హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు విజయ్‌కుమార్ ఆడపిల్లలకి ఫుట్‌బాల్ టీము కట్టినప్పుడు గోలు కాయడానికి ఒక్కరూ రాలేదు. బంతి మొహానికి తగులుతుందని భయం. జహీరా వెళ్లి నిలబడింది. వచ్చిన బంతి వచ్చినట్టు ఆమె పొట్టలోకి వెళ్లి కూర్చుంది. మాస్టారు ఆ సాయంత్రమే సుభాని ఇంటికి వెళ్లి, మీ అమ్మాయిని ఆటకి పంపండి అని బతిమాలుకున్నారు.

రెండేళ్లకి ఏలూరులో జిల్లా ఫైనల్. గెలిచిన టీము గోల్‌కీపర్ని రాష్ట్ర జట్టుకి తీసుకుంటామన్నారు. సుభాని పని మానుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. ఆఖరి నిమిషంలో అవతలివాళ్లు గట్టిగా కొట్టారు. గీత మీద నిలబడ్డ జహీరా చక్కగా పట్టింది, పొట్టలోకి తీసుకుంది, అలవాటుగా ఒకడుగు వెనక్కేసింది. బంతితో సహా గోల్లోకి వెళ్లిపోయింది. పట్టిన బంతి గోలెలా అయిందో జనానికి అర్థమయ్యేసరికి ఆట అయిపోయింది.

తిరుగు బస్సులో తండ్రీకూతుళ్లు పక్కపక్కనే కూర్చున్నారు. ఉంగుటూరు దాటాక సుభాని అన్నాడు, "తప్పు నీది కాదమ్మా. నేను నేర్పిందే." ఓడిపోయినప్పుడు రాని ఏడుపు జహీరాకి ఆ మాటకి వచ్చింది.

ఆ అడుగు మాన్పించాలని మాస్టారు ఆరు నెలలపాటు తంటాలు పడ్డారు. ఆమె వెనకాల ఇటుకలు పేర్చారు. ఇటుకల్ని తన్నేసింది కానీ అడుగు మానలేదు. చివరికి సుభానే మొహమాటపడుతూ నోరు విప్పాడు.

"ఏవండీ మాస్టారూ, అడుగు ఎలాగూ వేస్తాది. గీతకి రెండడుగులు ముందు నిలబెడితే సరిపోద్ది కదండీ."

అంతే. ఇంత తేలిక సంగతి అంత చదివిన మాస్టారికి ఆరు నెలలపాటు తట్టలేదంటే నాకైతే ఇప్పటికీ నవ్వొస్తుంది.

మరుసటి ఏడు మళ్లీ అదే ఫైనల్, అదే మాట. ఆట సమానంగా ముగిసి పెనాల్టీలకి వచ్చింది. మన పిల్లలు ఐదుకి ఐదూ కొట్టారు. అవతలివాళ్లు నాలుగు కొట్టి ఐదోదానికి సిద్ధమయ్యారు. అది ఆపితే గెలుపు. జహీరా అలవాటుగా ముందుకి జరగబోతే రిఫరీ ఆపి గీత చూపించాడు. పెనాల్టీకి గోల్‌కీపర్ గీత మీదే ఉండాలి. పాపం, ఆ పిల్ల వెళ్లి గీత మీద నిలబడింది. పట్టుకుంటే అడుగు వెనక్కి పడుతుంది, పడితే గోలే.

గ్రౌండు పక్కన తాడు పట్టుకుని నిలబడ్డ సుభానికి కూతురి మొహం కనపడింది. ముప్పయ్యేళ్లుగా చేతికొచ్చింది కింద పడనివ్వని మనిషి, పక్కవాడు పడేసిన కాయకి కూడా తలొంచుకుని మాటలు పడ్డ మనిషి, గొంతు ఎత్తి అన్నాడు.

"పట్టకమ్మా. పడెయ్."

బంతి నేరుగా పొట్ట మీదికే వచ్చింది. జహీరా రెండు అరచేతులూ చాచి పక్కకి కొట్టేసింది. అది దొర్లుకుంటూ బయటికి పోయింది.

మీద పడుతున్న పిల్లల్ని విడిపించుకుని ఆమె తిన్నగా తాడు దగ్గరికి నడిచింది. "పడేశాను నాన్నా" అంది, ఏదో నేరం ఒప్పుకుంటున్నట్టు.

సుభాని గ్లవ్స్ లేని ఆ ఎర్రబడ్డ చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకున్నాడు.

"ఎంత బాగా పడేశావు తల్లీ" అని అందరి ముందూ ఏడ్చేశాడు.

రాష్ట్ర జట్టుకి ఎంచేవాళ్లని వెంటబెట్టుకుని వచ్చిన మాస్టారు, తండ్రీకూతుళ్లని పిలవబుద్ధి కాక, వాళ్లని కాసేపు అక్కడే నిలబెట్టేశారు.