ఏదుపంది బొరియలో దూరిన కుక్క

మా అక్కను పెనిమిటి కొట్టేవాడు. కమలనగర్ అవతల ఒక ఊళ్లో వాళ్ల కాపురం. ఒకరోజు అన్నం ముందు జుట్టు పట్టుకుంటే, అక్క రోకలి తీసి అతని నెత్తి పగలగొట్టి, కట్టుకున్న చీరతోనే మన్నళ్ళికి మా ఇంటికి వచ్చేసింది. అతను బతికాడు. అక్క మళ్లీ ఆ గడప తొక్కలేదు. అమ్మానాన్నలు అప్పటికే లేరు. ఇంట్లో అక్క తర్వాతివాడైన అన్న, ఇద్దరికీ చెల్లెలిని, పద్దెనిమిదేళ్ల నేను.

అక్క బీదర్‌లో ఒక ఆఫీసరు బంగళాలో వంటకు కుదిరింది. ఆయనకు బదిలీ అయి అక్క పని మాని ఇంటికి వచ్చేటప్పుడు ఆయన భార్య తమ కుక్క ఈనిన పిల్లల్లో ఒకదాన్ని అక్క చేతిలో పెట్టింది. ఫాక్స్ టెర్రియర్ అంటారట. తెల్లటి ఒళ్లు, ఒక చెవి గోధుమరంగు, పెరిగినా మోకాలెత్తు మించలేదు. ఇంగ్లండులో దొరలు గుర్రాల మీద నక్కల్ని తరిమేవారని, నక్క బొరియలో దూరితే దాన్ని బయటికి వెళ్లగొట్టడానికి ఈ జాతిని పెంచారని ఆమె చెప్పింది. రోజూ పరుగెత్తించాలి, లేకపోతే వాకిలంతా తవ్వేస్తుంది. చెవులు తుడవాలి. తీపి పెట్టకూడదు. కొడితే లొంగదు, ఇంకా మొండికేస్తుంది. ఈ చివరి మాట మాకు చెప్పేటప్పుడు అక్క నవ్వింది.

దానికి భయమనేది తెలియదు. కళ్లంలో జొన్నచొప్ప ఎత్తుతుంటే ఎలుకలు బయటపడేవి. ఒకదాన్ని మెడ పట్టి విదిలించి, పడేసి, ఇంకోదాని మీదికి పోయేది. తినేది కాదు. మూతి మాత్రం ఎర్రగా తడిసిపోయేది. ఒకసారి పక్కింటి పెద్ద కుక్క దాని పక్క చీరేస్తే, ఆ గాయంతోనే ఆ పెద్దదాని దవడ పట్టుకుని వేలాడింది. కుండెడు నీళ్లు కుమ్మరిస్తేగానీ వదల్లేదు. అన్నకు అదంటే గిట్టేది కాదు. ఎప్పుడో ఒకనాడు మనల్నే కరుస్తుందనేవాడు. అక్క పొద్దున్నే దాన్ని ఒళ్లో వేసుకుని కొబ్బరి పీచుతో దువ్వేది, జొన్నరొట్టె పాలల్లో నానబెట్టి పెట్టేది.

ఒక ఏడు పల్లి చేను కాయపట్టే వేళకు ఏదుపందులు పడ్డాయి. సాళ్లకు సాళ్లు పెకిలించి పోయాయి. పొద్దెక్కాక ముగ్గురం చేనికి వెళ్తే, గట్టు కింద ఎర్రమట్టిలో బొరియ కనిపించింది. పట్టుకునేలోపే కుక్క అందులో దూరింది. లోపల మొరుగుడు, ముళ్లు గలగలలాడిన చప్పుడు, ఒక్క కేక. తర్వాత ఏమీ వినపడలేదు.

అన్న గడ్డపారతో తవ్వడం మొదలుపెట్టాడు. ఇంతలో ఏదుపంది ముళ్లు విప్పుకుని, వెనక్కి వెనక్కి నడుస్తూ బయటికి దూసుకొచ్చింది. అన్న పిక్కలో ముళ్లు దిగాయి. అతను గడ్డపార ఎత్తి దాని తల మీద కొట్టాడు. పడలేదు. మళ్లీ కొట్టాడు. నేను రాయి తీసుకుని కొట్టాను. తల చితికాక కూడా దాని కాళ్లు మట్టిని గీకుతూనే ఉన్నాయి.

కుక్క రాలేదు. అక్క బోర్లా పడుకుని భుజం దాకా చేయి లోపల పెట్టింది. ఆ జాతికి పుట్టగానే తోక కొంత కోసేస్తారు. మిగిలింది పిడికిట్లో సరిగ్గా ఇముడుతుంది. అక్క ఆ తోక పట్టి లాగింది. కుక్క ముఖం నిండా ముళ్లతో బయటపడింది. ఒకటి కంట్లోనే దిగింది. రెండో కన్ను రక్తంతో మూసుకుపోయింది. తాకిన చేయి ఎవరిదో తెలియక, అక్క బొటనవేలి మొదట్లో పళ్లు దింపి పట్టేసింది.

అన్న గడ్డపార ఎత్తాడు.

"అక్కా, జర పక్కకు జరుగు."

"దాని మీద ఏసినవంటే మళ్ల నా మొఖం సూడకు," అంది అక్క. గొంతు పెంచలేదు.

"నీ చెయ్యి తింటాంది."

"దానికి కండ్లు అవుపడ్తలేవురా. కొట్టెటోళ్లెవరో, తీసెటోళ్లెవరో దానికెట్ల తెలుస్తది?"

చేయి లాక్కోలేదు. మోచేతి దాకా రక్తం కారుతున్నా అలాగే కూర్చుని, రెండో చేత్తో దాని వీపు నిమురుతూ, ఇంట్లో బువ్వకు పిలిచినట్టే పిలిచింది. నేను నోట్లో కొంగు కుక్కుకున్నాను. చాలాసేపటికి, అక్క వాసన పట్టిందేమో, దాని దవడ వదులైంది.

ఇంటికి తెచ్చాక దాని నోట్లో అడ్డంగా కర్ర పెట్టి గుడ్డతో కట్టాం. అక్క మోకాళ్ల మధ్య బిగించి పట్టుకుంటే నేను పట్కారుతో ఒక్కో ముల్లూ పీకాను. కొన్నిటి వెంట మాంసం ముక్కలొచ్చాయి. అన్న గడపలో కూర్చుని తన పిక్కలోవి తానే పీక్కున్నాడు. కుక్కకు ఒక కన్ను పోయింది.

అక్క రోజూ బస్సెక్కి బీదర్ ఆసుపత్రికి పోయి కుక్కకాటుకు బొడ్డు చుట్టూ సూదులు వేయించుకుంది. పొట్ట పలకలా గట్టిపడింది. బొటనవేలు మళ్లీ వంగలేదు. రొట్టె నాలుగు వేళ్లతోనే తట్టేది. కుక్కను పెద్దరోడ్డు మీది మన్నాఏఖేళ్ళిలో ఆగే లారీవాళ్లకు ఇచ్చేద్దామని అన్న అన్నాడు. దాంతోపాటు తననూ ఎక్కించమంది అక్క. ఆ మాట అతను మళ్లీ ఎత్తలేదు. చేనుకు పోయినప్పుడల్లా ముందుగా బొరియలన్నీ రాళ్లు కొట్టి మూసేవాడు. ఒంటికన్నుతోనే అది ఎలుకల్ని చంపుతూ ఉండేది.

మైసూరు రాష్ట్రానికి కర్ణాటక అని పేరు మారిన ఏడు కరువు. మేం రోడ్డు పనిలో కంకర కొట్టేవాళ్లం. కుక్క ముసలిదైంది, పళ్లు ఊడాయి. అన్న తన రొట్టెలోంచి తుంచి, నమిలి, దాని ముందు పెట్టడం నేను చూశాను. చూసినట్టు అతనికి తెలియనివ్వలేదు.

అది చచ్చిన పొద్దున అక్క పనికి రాలేదు. మేమిద్దరం పోయాం. సాయంత్రం వచ్చేసరికి అక్క తనే గుంత తవ్వి, పూడ్చి, చేతులు కడుక్కుని, పొయ్యి ముందు కూర్చుని ఉంది.