మూడో బోగీ పగులు

క్రాఫ్టు మాస్టారుగా ముప్పయ్యేళ్ళు ఉలి పట్టి, రిటైరైన మర్నాడే రాజరత్నం గారు ఇంటి పంచలో కూర్చుని రైలు చెయ్యడం మొదలుపెట్టారు. పిల్లలు ఆడుకునే రైలు కాదు. తెల్లదొరల కాలంలో మద్రాసు నుంచి రాజమండ్రి మీదుగా కలకత్తా పోయే మెయిలు. స్కూల్లో విరిగిపోయిన టేకు బెంచీలు అడిగి తెచ్చుకుని, జానెడేసి బోగీలు తొమ్మిది చెక్కారు. అయిదు మద్రాసు రైలు కంపెనీవి, నాలుగు బెంగాలు రైలు కంపెనీవి. ఈ కంపెనీ కప్పు ఒక తీరు, ఆ కంపెనీ కప్పు ఒక తీరు. కిటికీలూ అంతే, రంగులూ అంతే. చెరో చెయ్యి చెరో దర్జీ కుట్టిన చొక్కాలా ఉండేది బండి.

"ఏవండీ, ఏడేళ్ళు చెక్కారు. ఇదెక్కితే కనీసం గోదారి అవతల కొవ్వూరైనా చేరతామా?" అనేది ఆయన భార్య దీనమ్మ.

"నువ్వెక్కితే ఇరుసు విరుగుద్దే" అనేవారు మాస్టారు.

మూడో బోగీ దగ్గర మాత్రం ఆయన వేళాకోళం సాగనిచ్చేవారు కాదు. దానికి ఎడమవైపు, రెండో తలుపు కింద పలకలో, వెంట్రుకంత సన్నని పగులు ఒకటి చెక్కారు. ఆ ఒక్క పగులు కుదరడానికి నాలుగు పలకలు పాడయ్యాయి.

ఆ పగులు ఆయన తండ్రిది. దేవసహాయం వాల్తేరు స్టేషన్లో వడ్రంగి. అక్కడ ఒక కంపెనీ పట్టాలు అయిపోయి ఇంకో కంపెనీవి మొదలయ్యేవి. బోగీలు మాత్రం అటువి ఇటు, ఇటువి అటు పోతూనే ఉండేవి. అందుకని పరాయి కంపెనీ బోగీ రాగానే చుట్టూ తిరిగి చూసి, ఉన్న దెబ్బలన్నీ పుస్తకంలో రాసుకోవాలి. రాసిన దెబ్బ తెచ్చినవాడిది, రాయని దెబ్బ పుచ్చుకున్నవాడి నెత్తిన పడేది. చూసి చెప్పడం దేవసహాయం పని, రాయడం దొర పని.

ఒకరోజు మెయిలు ఆలస్యంగా వచ్చింది. దేవసహాయం మూడో బోగీ పలకలో పగులు మీద సుద్దముక్కతో గీత పెట్టి మరీ చూపించాడు. "టైము లేదు, పోనీ" అన్నాడు దొర. నెల తిరక్కుండానే అవతలి కంపెనీ వాళ్ళు, మా పలక ఎవడు పగలగొట్టాడని కాగితం పంపారు. వడ్రంగి సుత్తి తగిలిందని దొర జవాబు రాశాడు. రెండ్రోజుల్లో క్వార్టరు ఖాళీ చెయ్యమన్నారు. అప్పటికి రాజరత్నానికి తొమ్మిదేళ్ళు. అమ్మ వైపువాళ్ళ పంచన చేరడానికి రాజమండ్రి వచ్చారు. నిప్పు లేందే పొగ రాదని ఆ బంధువులే అనేవారు. దేవసహాయం మంచాలూ శవపేటికలూ చేసుకుంటూ బతికి, ఒక శవపేటికలోనే వెళ్ళిపోయాడు.

గోదారి మీద పాత వంతెన మీంచి రైలుబళ్ళు ఆపేసిన ఏడాది, రైల్వేవాళ్ళు పాత సామాన్లతో ఊళ్ళో ప్రదర్శన పెట్టారు. మాస్టారి కొడుకు శ్యాంబాబు బుకింగ్ క్లర్కు. అతను చెప్పగానే ఆఫీసరు రైలు తెమ్మన్నాడు. మాస్టారు తొమ్మిది బోగీలూ పాతచీరల్లో చుట్టి ఇచ్చి, వాటితోపాటు సొంత దస్తూరీతో ఒక అట్ట కూడా ఇచ్చారు. "ఈ పగులు, బోగీ వాల్తేరు చేరేటప్పటికే ఉంది. చూసి చెప్పినవాడు వడ్రంగి దేవసహాయం." రైల్వే వాళ్ళ బల్ల మీద, రైల్వే వాళ్ళ కప్పు కింద, ఆ రెండు ముక్కలు ఒక్క పూట ఉంటే చాలనుకున్నారు.

మర్నాడు చలవ చొక్కా తొడుక్కుని వెళ్ళి చూస్తే, తొమ్మిది బోగీలూ ఒకే ఎరుపులో నిగనిగలాడుతున్నాయి. అట్ట లేదు.

"ఏంట్రా ఇది?"

"ఆఫీసర్ గారన్నారండి నాన్నగారూ. ఒక రైలుకి ఇన్ని రంగులేంటి, అతుకులబొంతలా ఉంది అన్నారు. నిన్న నేనే కూర్చుని వేశాను."

"పగులు?"

"లప్పం పెట్టి పూడ్చేశానండి."

"అట్ట?"

శ్యాంబాబు గొంతు తగ్గించాడు. "ఇది రైల్వే మీద కంప్లైంటా అన్నారండి. నా ప్రమోషన్ కాగితం ఆయన దగ్గరే ఉంది. తాతగారి సంగతి మనకి తెలుసు, చాలదాండీ? అయినా సుత్తి తగిలిందో లేదో ఎవరు చూడొచ్చారు?"

ఆ చివరి మాట మాస్టారికి కొత్త కాదు. పంతొమ్మిదేళ్ళ వయసులో, ఉద్యోగం దొరక్క తిరుగుతున్న రోజుల్లో, సరిగ్గా ఆ మాటే తను తండ్రిని అన్నారు. ఆ రోజు తండ్రి అన్నం కంచం ముందు నుంచి లేచిపోయాడు. మళ్ళీ ఎవరూ ఆయన దగ్గర ఆ బోగీ ఊసెత్తలేదు.

వంగి, రెండో తలుపు కింద బొటనవేలు ఆన్చారు. లప్పం ఇంకా పచ్చిగానే ఉంది. గోటితో ఒక్క గీరు గీరితే ఊడొస్తుంది.

"మాస్టారూ, వంక పెట్టడానికి లేదండి మీ పనికి!" వెనక నుంచి ఆఫీసరు శాలువా కప్పాడు. "రెండు ముక్కలు మాట్లాడండి."

మైకు చేతికొచ్చింది. శ్యాంబాబు కళ్ళార్పకుండా చూస్తున్నాడు. మాస్టారు వేలు వెనక్కి తీసుకుని, శాలువా అంచుకి తుడుచుకున్నారు.

"మా అబ్బాయి లప్పం బాగా పెట్టాడండి. ఎంత వెతికినా కనపడదు" అన్నారు.

తండ్రికి కొడుకు మీద ఎంత మురిపెమో అనుకుని అందరూ చప్పట్లు కొట్టారు. శ్యాంబాబూ కొట్టాడు.