మొదటి వేట నాడే ఆగిన ఇంజిను

నాన్న బతుకులో సొంతమని చెప్పుకోవడానికి ఉన్నది ఒక్క పడవే. నాగాయలంక దిగువన మా ఊళ్లో అంతకుముందు వేరేవాళ్ల పడవల మీద కూలికి వేటకెళ్లేవాడు. తొంభైల చివర్లో పాత పడవ ఒకటి కొని, బందరులో ఒక షాపులో కొత్త ఇంజిను తీసుకుని బిగించాడు. పసుపు రాసి, బొట్లు పెట్టి, వేపమండలు కట్టి సముద్రంలోకి దించారు. మొదటి వేటకే ఇంజిను నడిసముద్రంలో ఆగిపోయింది. తెడ్లేసుకుంటూ ఒడ్డుకి చేరారు.

ఇంకొకళ్లయితే మర్నాడే షాపువాడిని నిలదీసేవాళ్లు. మావాళ్లు అలా కాదు. కొత్తగా దించిన పడవ నీళ్లలో మొరాయించిందంటే గంగమ్మకి మనమేదో లోటు చేశామనే లెక్క. మొక్కుకున్న మేకపోతుని ఇవ్వకుండానే వేటకి దిగారని నానమ్మ తేల్చేసింది. మొక్కు తీర్చారు. ఇంజిను కొన్నాళ్లు నడిచి మళ్లీ ఆగింది. దిష్టి అన్నారు, గుమ్మడికాయ కొట్టారు. ఆ తర్వాత, ఆడది తొక్కిన వల అరిష్టమట, అమ్మ వల తొక్కిందన్నారు. ఆ మాట పడలేక అమ్మ అన్నం మానేసి మంచం పట్టింది. ఎక్కడో తయారైన ఇనుములో లోపానికి మా ఇంట్లోవాళ్లం ఒకరి తర్వాత ఒకరం దోషులమయ్యాం.

నాన్న షాపు గుమ్మం ఎక్కేసరికే చాలా కాలం గడిచిపోయింది. షాపాయన మాట మాత్రం తియ్యగా ఉండేది.

"కంపెనీవాళ్లకి చెప్పాను బావా, ఈ వేట నిషేధం అయ్యేలోపు మార్పించేస్తాగా" అనేవాడు.

బావా అని పిలిచినవాడి మీద కేసేంటని నాన్న ఊరుకున్నాడు. నాకు ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. ఏటా వేసవిలో పెట్టే నిషేధాలు వచ్చాయి, పోయాయి. చివరికి షాపాయన ముఖం చాటేశాక, బందరులో వినియోగదారుల ఫోరం ఉందని ఎవరో చెబితే అక్కడ ఫిర్యాదు వేశాడు. నేను అప్పుడు ఇంటర్ చదువుతున్నాను. చదువుకున్న కూతురు పక్కన ఉంటే ధైర్యమని వాయిదాకి నన్ను కూడా తీసుకెళ్లాడు.

"ఇంజిను మొదటిసారి ఎప్పుడు ఆగింది?" అని విచారించే పెద్దాయన అడిగాడు.

నాన్న ఆ ప్రశ్న కోసమే కాచుకున్నట్టు ముందుకి జరిగాడు. "మొదటి వేట నాడేనండీ. ఒక్కనాడూ సుఖపెట్టలేదండీ."

బాధ ఎంత పాతదైతే న్యాయం అంత తొందరగా జరుగుతుందని నాన్న నమ్మకం. షాపు తరపు వకీలు వెంటనే లేచి, లోపం బయటపడ్డ నాటి నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు చెయ్యాలనీ, ఆ గడువు దాటిపోయిందనీ చెప్పాడు. షాపాయన ఇచ్చిన మాటలకి మా దగ్గర సాక్ష్యం లేదు. బావా అన్న పిలుపుకి రసీదు ఎవరిస్తారు?

తగిన కారణముంటే ఆలస్యాన్ని మన్నించవచ్చని పెద్దాయన నెమ్మదిగానే చెప్పాడు. "మరి ఇన్నాళ్లూ ఎందుకు ఊరుకున్నారు?"

"గంగమ్మ తల్లికి కోపమొచ్చిందనుకున్నామండీ."

వెనక బెంచీలో ఎవరో నవ్వారు. నాన్న అటు తిరగలేదు. నేనైనా ఇంకో కారణం చెబుతానేమోనని నా వైపు చూశాడు. చదువుకున్నదాన్నేగానీ, నా దగ్గర మాత్రం ఏముంది?

కేసు కొట్టేశారు. ఇంజిను మంచిదని అక్కడ ఎవరూ అనలేదు. మంచిదో చెడ్డదో చూడనేలేదు. నాకు మింగుడుపడనిది అదే.

తిరుగు బస్సులో అవనిగడ్డ దాటాక నాన్న మెల్లగా అడిగాడు. "మొదటి రోజే ఆగిందని చెప్పకుండా ఉండాల్సిందేమో కదమ్మా?"



ఆ ఏడాదే పడవ అమ్మేశాడు. కొన్నాయన మా ఇంజిను పీకించి వేరేది బిగించాడు. ఆయన ఏ మొక్కూ మొక్కలేదు, గుమ్మడికాయా కొట్టలేదు. పడవ మళ్లీ ఎప్పుడూ నడిసముద్రంలో ఆగలేదు. నాకు తెలుసు, ఎందుకంటే ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్లూ నాన్న ఆ పడవ మీదే కూలికి వెళ్లాడు.