దానంతటదే పోయే చెయ్యి

స్టూడియోలో అందరూ ఆమెను పిల్లి అనేవారు. ఎంత ఎత్తునుంచి దూకినా చప్పుడయ్యేది కాదు. ఒంటికి అంటుకునే నల్ల సూటు, దాని నిండా చిన్న తెల్ల గుండ్లు, నాలుగు గోడలకూ కెమెరాలు. అక్కడ ఆమె ఎలా కదిలితే, వీడియో గేమ్‌లో కత్తి పట్టిన కథానాయిక అలా కదిలేది. మొదటి భాగంలో కత్తి తిప్పితే చాలన్నారు. రెండోదానికి మెడలు విరవమన్నారు. మూడోది వచ్చేసరికి, "ఆలోచించకమ్మా, చెయ్యి దానంతటదే పోవాలి. చంపడం చూడముచ్చటగా ఉండాలి" అన్నాడు ఫైట్ మాస్టరు. పొద్దస్తమానం అదే సాధన.

ఒక ఉదయం ఆమె సింకు దగ్గర గిన్నెలు తోముతోంది. నీళ్ల చప్పుడులో అక్క రావడం వినపడలేదు. అక్క వెనకనుంచి భుజం మీద చెయ్యి వేసింది.

తేరుకునేసరికి అక్క వీపు ఫ్రిజ్‌కు ఆనుకుని ఉంది. ఆమె మోచెయ్యి అక్క గొంతు మీద ఉంది. రెండో చెయ్యి అక్క గడ్డం పట్టుకుని, తిప్పడానికి సిద్ధంగా ఉంది.

"నేనే... నేనేనే!"

ఆమె చేతులు వదిలేసి నేలమీద కూలబడింది.

"మహారాణీవారి దగ్గరికి చెప్పి రావాలటే?" అక్క దగ్గుతూ నవ్వబోయింది. నవ్వు రాలేదు.

"నా దగ్గరికి రాకక్కా" అంది ఆమె, చేతులు చంకల్లో దాచుకుని.

అప్పటినుంచి బస్సులో చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చునేది. ఒకసారి పక్కనున్న ముసలాయన కునికిపాట్లు పడుతూ భుజం మీదికి ఒరిగితే, ఏ స్టాపో చూడకుండా దిగిపోయింది.

"మాస్టారూ, నేనిక చంపలేను."

"ఎవరైనా బెదిరించారా?"

"లేదు. నాకు నేనంటేనే భయంగా ఉంది. కావాలంటే వెనకనుంచి వచ్చి నా భుజం మీద చెయ్యి వెయ్యండి."

మాస్టరు లేచాడు. ఆమె చేతులవైపు చూశాడు. మళ్లీ కూర్చున్నాడు.

నాలుగో భాగంలో ఆమెకు చచ్చేవాళ్ల వేషాలు ఇచ్చారు. కథానాయికగా కొత్తగా వచ్చిన అమ్మాయి చేతిలో రోజంతా చావడమే పని.

"భలే చస్తారక్కా మీరు!" అని నవ్వింది ఆ అమ్మాయి, చెమట తుడుచుకుంటూ.

దెబ్బ తగలకుండా నేలమీద పరిచిన పరుపు మీదనుంచి లేస్తూ ఆమె జరిగిందంతా చెప్పింది. ఫ్రిజ్ సంగతి, అక్క గొంతు మీద తేలిన ఎర్ర చార, అన్నీ.

అమ్మాయి ముఖంలో నెత్తురు చుక్క లేదు. "మొన్న నిద్రలో మా ఆయన దుప్పటి లాగితే ఆయన చెయ్యి మెలిపెట్టేశాను. పీడకల అనుకున్నాం." తన చేతులవైపు చూసుకుంది. "అక్కా, మా పాప నా పక్కలోనే పడుకుంటుంది."

ఆమె అమ్మాయి మణికట్టు పట్టుకుని మాస్టరు గదివైపు నడిచింది. ఇద్దరి చేతులూ చల్లగా ఉన్నాయి.